జీరో లాండ్ సృష్టికర్త ఇబ్నె సఫీ

ఉర్దూ సాహిత్య చరిత్ర గ్రంథాలను తిరగవేసినవారికి అందులో గజల్ కవులకు, కథకులకు, విమర్శకులకు విశాలమైన స్థానం కనిపిస్తుంది. అపరాధ పరిశోధన నవలలు వ్రాసినవారికి మాత్రం ఏ చివరి పుటలోనో ఒక వాక్యం దక్కితే దక్కవచ్చును, లేకపోతే లేదు. అయితే ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో రైలు పెట్టెలలోను, టీ దుకాణాలలోను, విద్యార్థి వసతిగృహాలలోను ఉర్దూ చదువరి చేతిలో తరచుగా కనిపించిన పుస్తకం ఎవరిదని విచారిస్తే మొదట వచ్చే పేరు ఇబ్నె సఫీ.

మన కళాశాల సంచికలో ఉర్దూ విభాగం కుడి నుండి, తెలుగు విభాగం ఎడమ నుండి ప్రారంభమై నడుమ కలుసుకొంటాయి. ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఈ పేరు తండ్రుల నోట, మేనమామల నోట విన్నదే. తెలుగు విభాగం వారికి చాలవరకు కొత్తది. అందుచేతనే ఈ జీవిత కథను తెలుగులో వ్రాయ సంకల్పించాము. గూఢచారి నవలలు చదువుట విద్యార్థికి కాలహరణమని తలచే పెద్దలు మన కళాశాల కమిటీలో కూడ లేకపోలేదు. వారి అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, దానితో పూర్తిగా ఏకీభవించలేమని మాత్రం మనవి చేస్తున్నాము. కారణం ఆయన జీవితంలోనే ఉన్నది.

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928 జూలై 26వ తేదీన అలహాబాదు జిల్లాలోని నారా అనే గ్రామంలో జన్మించారు. తండ్రి పేరు సఫీవుల్లా. ఇబ్న్ అనగా కుమారుడు. సఫీ కుమారుడు గనుక ఇబ్నె సఫీ. అస్రార్ అనగా రహస్యాలు అని అర్థం. తల్లిదండ్రులు పెట్టిన పేరే వృత్తిని ముందుగా సూచించినదా అనిపిస్తుంది. తల్లివైపు బంధువైన నూహ్ నార్వీ పేరుపొందిన కవి, దాగ్ దెహ్లవీకి శిష్యుడు. ఆ దాగ్ మన హైదరాబాదులో ఆరవ నిజాముకు కవితాగురువై, 1905లో ఇక్కడనే కన్నుమూసి, నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాలో సమాధి అయినవాడు. ఈ విధంగా మన రచయిత కవితావంశం ఒక కొసన మన నగరాన్ని తాకుతున్నది.

బాలుడు అస్రార్ ఏడెనిమిదేళ్ళ ప్రాయంలోనే తిలిస్మె హోష్రుబా సంపుటాలను చదివివేశాడు. మాయామందిరాలు, మాంత్రికులు, మారువేషాలలో తిరిగే అయ్యారులు నిండిన మహాగ్రంథమది. మన తెలుగు పిల్లలు కాశీమజిలీ కథలను ఏ ఆసక్తితో చదివేవారో ఆ ఆసక్తితోనే ఉత్తర హిందూస్థానపు పిల్లలు దానిని చదివేవారు. ఆ తరువాత రైడర్ హాగర్డ్ నవలల అనువాదాలు చేతికి వచ్చాయి. ఈ రెండు పఠనాలు ఆయన మనస్సులో జీవితాంతం నిలిచిపోయినవని తరువాతి రచనలు చెప్పకనే చెబుతాయి. ఏడవ తరగతిలో ఉండగానే ఒక కథ వ్రాసి పత్రికకు పంపగా అది అచ్చయినది. కళాశాల నాటికి అస్రార్ నార్వీ అనే పేరుతో గజళ్ళు చెప్పేవాడు. కవిగా స్థిరపడవలెనన్నదే ఆనాటి కోరిక.

అలహాబాదు విశ్వవిద్యాలయంలో చేరిన కొద్దికాలానికే 1947 నాటి దేశవిభజన, అల్లర్లు వచ్చిపడ్డాయి. చదువు ఆగిపోయినది. తండ్రి ఉద్యోగరీత్యా కరాచీ చేరాడు. తల్లి, సోదరి, ఆయన అలహాబాదులో ఉండిపోయారు. బడిపంతులుగా పనిచేస్తూ, ప్రైవేటుగా పరీక్షలకు కట్టి ఆగ్రా విశ్వవిద్యాలయం నుండి బి.ఏ. పట్టం పొందారు. ఇది నేటి మన విద్యార్థులలో కొందరికి బాగా తెలిసిన మార్గమే గనుక ప్రత్యేకించి పేర్కొంటున్నాము.

1948లో అబ్బాస్ హుసైనీ అనే మిత్రుడు నక్‌హత్ అనే మాసపత్రికను ప్రారంభించగా, కవితా విభాగం అస్రార్ చేతికి వచ్చినది. ఫరార్ అనే కథ ఆ ఏడే వెలువడినది. తుగ్రల్ ఫర్గాన్, సన్‌కీ సోల్జర్ వంటి వింత పేర్లతో హాస్య వ్యంగ్య రచనలు కూడ సాగించారు. సన్‌కీ సోల్జర్ అంటే తిక్క సిపాయి అని చెప్పవచ్చును. ఆయన తరువాత సృష్టించబోయే నాయకుడికి ఈ మాట చక్కగా సరిపోతుందని పాఠకులు ముందు ముందు గ్రహించగలరు.

ఇక అసలు మలుపు. మిత్రుల గోష్ఠిలో ఒకనాడు ఒక పెద్దమనిషి, ఉర్దూలో కామోద్రేకం కలిగించే పుస్తకాలు తప్ప మరేవీ అమ్ముడుపోవని తేల్చివేశాడు. ఆనాటి అంగడి పరిస్థితిని బట్టి చూస్తే ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అస్రార్ అందుకు ఒప్పుకొనలేదు. అశ్లీలపు మాట ఒక్కటి లేకుండ వేలమందిచేత చదివించే పుస్తకం వ్రాయవచ్చునని వాదించి, వాదనతో ఆగక వ్రాయ పూనుకొన్నారు. అప్పటికి ఉర్దూలో అపరాధ పరిశోధన సాహిత్యం లేకపోలేదు. జఫర్ ఉమర్ నీలీ ఛత్రీ, తీరథ్ రామ్ ఫిరోజ్‌పురీ అనువాదాలు ప్రచారంలో ఉండేవి. అయితే అవి చాలవరకు ఐరోపా కథలకు వేసిన దేశీయ వేషాలు. 1952 మార్చిలో జాసూసీ దునియా అనే నెలవారీ నవలామాల దిలేర్ ముజ్రిమ్‌తో ప్రారంభమైనది. ఆ మొదటి నవలకు కూడ ఆంగ్లమూలం ఉన్నది. కాని ఫరీదీ, హమీద్ అనే ఇద్దరు పాత్రధారులు మాత్రం ఆయన స్వంత బిడ్డలు. కొద్ది నెలలలోనే ఆయన ఎరువు కథలను విడిచి స్వంత త్రోవ పట్టారు.

1952 ఆగస్టులో తల్లిని, సోదరిని వెంటబెట్టుకొని ఆయన కరాచీ వెళ్ళిపోయారు. రచయిత సరిహద్దుకు ఆవల, ప్రచురణకర్త ఈవల. అయినను నవలలు అలహాబాదులో ఆగలేదు. అటు కరాచీలోను, ఇటు అలహాబాదులోను వెలువడుతూ వచ్చాయి. అలహాబాదు సంస్థ హిందీ అనువాదాలను కూడ తెచ్చినది. వాటిలో ఫరీదీ వినోద్‌గా, ఇమ్రాన్ రాజేష్‌గా మారగా, హమీద్ మాత్రం హమీద్‌గానే మిగిలాడు. ఒకే కథను రెండు లిపులలో, రెండు పేర్లతో ఇరుగుపొరుగువారు చదువుకొని, ఇద్దరూ తమదేనని భావించిన సందర్భం మన సాహిత్యాలలో అరుదు.

ఇందుకు ఆయన పాటించిన ఒక నేర్పు తోడ్పడినదని మా అభిప్రాయం. ఆయన కథలు జరిగే దేశానికి సాధారణంగా పేరుండదు. మా దేశం, మన రాజధాని అని మాత్రమే ఉంటుంది. షక్రాల్, మఖ్లాఖ్ వంటి కొండ ప్రాంతాలు కల్పితాలు. శత్రువు కూడ పొరుగు దేశం కాదు. మానవజాతికంతటికీ శత్రువైన ఏదో రహస్య కూటమి. రెండు దేశాల నడుమ వైరం పెరుగుతున్న రోజులలో సైనిక గూఢచర్యం ఇతివృత్తంగా గ్రహించి, పొరుగువానిపై ద్వేషం రేపకుండ నడుపుట సామాన్యమైన నిగ్రహం కాదు. ఆ రోజులలో దేశభక్తి పేరిట ఎంత సులువుగా పుస్తకాలు అమ్ముకొనవచ్చునో ఆలోచించినవారికి ఈ విషయం విలువ తెలుస్తుంది.

ఇక ఆ నవలల స్వరూపం కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. ఫరీదీ తొలి నవలలలో ఇన్‌స్పెక్టరు, హమీద్ సార్జెంటు. తరువాత వారికి గౌరవ సైనిక హోదాలు లభించి కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ అయ్యారు. ఫరీదీ సంపన్నుడు, అవివాహితుడు, మితభాషి. చట్టానికి తలవంచేవాడు. హమీద్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. అల్లరి, పరిహాసం, ఆడపిల్లల వెంట తిరుగుట, మేకపోతును పెంచుట అతని లక్షణాలు. గురువు గాంభీర్యం కథను నడిపితే శిష్యుని కొంటెతనం చదువరిని నడిపిస్తుంది.

1955 ఆగస్టులో ఖౌఫ్‌నాక్ ఇమారత్‌తో రెండవ మాల ప్రారంభమైనది. ఇమ్రాన్ పుట్టుక అక్కడే. పాడుపడిన ఒక భవనం, అందులో శవాలు, ప్రతి శవంపైన సమాన దూరంలో మూడు గాయాలు. విప్పగా విప్పగా చివరకు ఆ ముడి ప్రభుత్వ రహస్యపత్రాల దగ్గరకు చేరుతుంది. ఈ పద్ధతి ఆయనకు ఇష్టమైనది. మొదట వీధిలో జరిగే చిన్న వింత. అందులో నుండి హత్య. హత్యలో నుండి దేశరక్షణ. అక్కడి నుండి ఎవరూ కనివిని ఎరుగని యంత్రమో, వాయువో, కిరణమో. ఆరంభం పక్కింటి సంగతివలె ఉండుటచేత, ముగింపు ఎంత అద్భుతమైనా చదువరి నమ్ముతాడు.

అలీ ఇమ్రాన్ ఇంగ్లాండులో విజ్ఞానశాస్త్రం చదివి డాక్టరేటు పుచ్చుకొన్నవాడు. చూచుటకు మాత్రం వెర్రివెంగళప్ప. తండ్రి రహమాన్ పోలీసు గూఢచార శాఖకు అధిపతి. కొడుకు పనికిమాలినవాడని ఇంటినుండి వెళ్ళగొట్టాడు. వంటవాడు సులేమాన్ సైతం ఇమ్రాన్‌ను లెక్కచేయడు. పప్పు తప్ప మరొకటి వండడని యజమాని గోల. ఇట్టి మనిషి లోపల విదేశాంగశాఖ రహస్యదళానికి అధిపతి. ఆ అధిపతికి ఎక్స్ టూ అని పేరు. దళంలోని కెప్టెన్ ఖావర్, లెఫ్టినెంట్ చౌహాన్, లెఫ్టినెంట్ సిద్దీఖీ వంటివారు సైనిక హోదాలు కలవారు. సఫ్దర్, తన్వీర్, స్విట్జర్లాండు యువతి జూలియానా కూడ ఉన్నారు. వీరంతా టెలిఫోనులో ఎక్స్ టూ గొంతు వింటే వణికిపోతారు. ఎదుట కూర్చున్న ఇమ్రాన్‌ను మాత్రం ఆటపట్టిస్తారు. ఇద్దరూ ఒకరేనని చదువరికి తెలుసును, వారికి తెలియదు. నవలామాల ఆకర్షణ అంతా ఈ ఒక్క రహస్యంలో ఇమిడి ఉన్నదని చెప్పినా తప్పులేదు. ఇంటిలోను, తరగతిలోను, ఉద్యోగంలోను లోకువై, లోలోపల తన్ను ఎవరూ గుర్తించలేదని బాధపడే యువకుడు ఎవడు ఇమ్రాన్‌లో తన్ను చూచుకొనడు? ఉత్తర గోగ్రహణంలో బృహన్నల రథమెక్కినప్పుడు మన తెలుగు శ్రోతకు కలిగే ఆనందం కూడ ఈ జాతికి చెందినదే.

విజ్ఞాన కల్పన విషయానికి వద్దాము. 1945లో అణుబాంబు పేలినది. 1957 అక్టోబరులో సోవియట్ కృత్రిమ ఉపగ్రహం ఆకాశమెక్కినది. ఎగిరే పళ్ళాల వార్తలు పత్రికలలో తరచుగా వచ్చేవి. పెద్ద రాజ్యాలు ఏ ప్రయోగశాలలో ఏమి వండుతున్నవో తెలియక చిన్న దేశాలవారు బెదురుతున్న కాలమది. ఇబ్నె సఫీ ఆ భయానికి ఒక పేరు పెట్టారు, జీరో లాండ్ అని. భూగోళపటంలో లేని దేశం. అన్ని రాజ్యాలనుండి ఎత్తుకుపోయిన మేధావులు, అన్నిటికంటె ముందున్న యంత్రాలు. వారి ఆకాశ వాహనానికి ఫే గ్రాజ్ అని పేరు. ఆ కూటమికి చెందిన థ్రేసియా అనే విదేశీ వనిత ఇమ్రాన్‌కు బద్ధశత్రువై ఉండి, అతనిని ప్రేమించకుండ కూడ ఉండలేదు. తుపాకి గుండ్లను ఒడుపుగా తప్పించుకొనే సంగ్‌హీ మరొక ప్రతినాయకుడు. ఆ విద్యనే ఇమ్రాన్ అతనినుండి నేర్చుకొని అతనిపైన ప్రయోగిస్తాడు. తూఫాన్ కా అగ్వా అనే జాసూసీ దునియా నవలలో ఉక్కు మనిషి ప్రవేశిస్తాడు. ఫౌలాద్ అనగా ఉక్కు, ఆద్మీ అనగా మనిషి. రెండింటిని సంధిచేసి ఫౌలాద్మీ అన్నారు. రోబో అనే విదేశీ పదాన్ని వాడకుండ ఉర్దూ నోటికి సులువుగా వచ్చే మాట కల్పించుటలో ఆయన భాషాభిమానం, చమత్కారం రెండూ కనిపిస్తాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసినప్పుడు అనువాద సంస్థ పండితులు భౌతిక, రసాయనశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చుటకు ఎంత శ్రమించారో మన పెద్దలు ఎరుగుదురు. ఆ పని పాఠశాలలకు, పండితులకు పరిమితమైనది. ప్రయోగశాల, కిరణం, విద్యుత్తు, యంత్రమానవుడు అనే భావాలను బజారులోని ఉర్దూ చదువరికి అలవాటు చేసినవాడు ఇబ్నె సఫీ అని మేము తలుస్తాము. ఆయన విజ్ఞానం పరీక్షకు నిలిచేది కాదని ఒప్పుకొనక తప్పదు. ఆ యంత్రాలు ఎట్లా పనిచేస్తవో ఆయన చెప్పరు. చెప్పినచోట మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు నవ్వుకొంటారు. తిలిస్మ్‌లోని మంత్రదండం చోట మీటను, అయ్యారు మారువేషం చోట ఇమ్రాన్ ముక్కులో ఇరికించుకొనే స్ప్రింగులను పెట్టారంతే. అయితే ఒక్క భేదమున్నది. పాత కథలో మంత్రం మంత్రమే. ఇక్కడ దెయ్యమనుకొన్నది చివరకు మనిషి చేసిన యంత్రమని తేలుతుంది. యంత్రం చేసినవాడు పట్టుబడతాడు. మూఢనమ్మకాలు బలంగా ఉన్న సమాజంలో నెలనెలా ఈ ఒక్క సంగతి చెబుతూ పోవుట చిన్న సేవ కాదు.

నవలకు ముందు పేష్‌రస్ అనే పేరుతో ఆయన ఒక చిన్న ముందుమాట వ్రాసేవారు. అందులో చదువరుల ఉత్తరాలకు జవాబులు, ఆలస్యానికి సంజాయిషీ, విమర్శకులకు చురకలు ఉండేవి. కొందరు నవలను ప్రక్కన పెట్టి ముందుగా దానినే చదివేవారు.

ఈ కీర్తికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దది. ఎనిమిదేళ్ళలో వందకు పైగా పుస్తకాలు వ్రాశారు. 1953లో వివాహమైనది; కుటుంబం పెరిగినది; 1957లో అస్రార్ పబ్లికేషన్స్ అనే స్వంత సంస్థను స్థాపించుటతో వ్యాపార భారం కూడ నెత్తిన పడినది. 1960లో స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఆయనను పడగొట్టినది. సుమారు మూడేళ్ళు కలం కదలలేదు. ప్రతి నెలా ఎదురుచూచే లక్షల చదువరులకు కథ నడుమ ఆగిపోయినది. ఆ సందు చూచుకొని నకిలీ రచయితలు బయలుదేరారు. ఒక అక్షరం అటు ఇటుగా మార్చిన పేర్లతో, ఇమ్రాన్‌ను, ఫరీదీని ఇష్టం వచ్చినట్లు ఆడిస్తూ డజన్లకొలది పుస్తకాలు అంగళ్ళకు వచ్చాయి. ఏ అశ్లీలాన్ని వెళ్ళగొట్టుటకు ఆయన కలం పట్టారో అది ఆయన పాత్రలనే వాహనంగా చేసుకొని తిరిగి వచ్చినది. మంచంపై ఉన్న మనిషి నోరు విప్పి కాదనగల స్థితిలో లేడు. ఆయన జీవితంలో ఇంతకంటె కరుణమైన ఘట్టం లేదని మాకు తోస్తుంది.

కరాచీలోని హకీమ్ ఇక్బాల్ హుసేన్ యూనానీ చికిత్స చేసినారు. కుటుంబం పరిచర్య చేసినది. 1963 నవంబరులో డేఢ్ మత్‌వాలే అనే ఇమ్రాన్ నవలతో ఆయన తిరిగి వచ్చారు. భారతదేశంలో ఆ నవల విడుదల లాల్ బహదూర్ శాస్త్రి గారి చేతుల మీదుగా జరిగినది. కరాచీలో నివసించే ఒక గూఢచారి నవలా రచయిత పుస్తకాన్ని ఆవిష్కరించుటకు మన దేశనాయకుడొకరు అంగీకరించుట ఆనాటి అభిమానం ఎంతటిదో తెలుపుతుంది. ప్రతులు చాలక కొద్దిరోజులలోనే మరల అచ్చు వేయవలసి వచ్చినది. మానసిక వ్యాధి వచ్చినవాడు ఇక పనికిరాడని తలచే మన సమాజం ఈ పునరాగమనాన్ని గుర్తుంచుకొనవలెను. తరువాతి పదిహేడేళ్ళలో ఆయన మరొక వంద నవలలు వ్రాశారు. వేగం కొంత తగ్గినది. డాక్టర్ డ్రెడ్ కథలు వంటి పూర్వపు నవలల బిగువు అన్నిటిలోను లేదన్నది మా తీర్పు. కాని హాస్యం ఇంకిపోలేదు.

1974లో ఆయన కథతో ధమాకా అనే చలనచిత్రం వచ్చినది. ఎక్స్ టూ గొంతును ఆయనే స్వయంగా ఇచ్చారు. చిత్రం ఆడలేదు. ఊహలో నిలిచిన ఇమ్రాన్‌ను తెరమీద చూపుట కష్టమని నిర్మాతలకు తెలిసినట్లున్నది, అందులో ఇమ్రాన్ పాత్రే లేదు.

ఆయన వ్రాసిన మొత్తం నవలలు ఇంచుమించు 245. అందులో జాసూసీ దునియావి 125, ఇమ్రాన్ మాలవి 120. ఫరీదీ, ఇమ్రాన్ ఇద్దరూ కలిసి కనిపించే నవల ఒక్కటే, జమీన్ కే బాదల్. లోపాలు లేవని అనము. విదేశీయుడు అనగానే అనుమానం, తొందరగా ముడివేసిన ముగింపులు, ఒకే అచ్చులో పోసిన స్త్రీపాత్రలు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాయి. అయితే ఆయన నవలలో నేరస్థుడు గెలువడు, నేరం ముచ్చటగా కనిపించదు, ఇంటిలో ఆడపిల్లలకు ఇచ్చుటకు తండ్రి జంకనక్కరలేదు. అలహాబాదు గోష్ఠిలో చేసిన వాదాన్ని ఆయన చివరివరకు నిలుపుకొన్నారు.

క్లోమగ్రంథికి సోకిన క్యాన్సరుతో బాధపడుతూ 1980 జూలై 26న, తన పుట్టినరోజునాడే, కరాచీలో మరణించారు. వయస్సు 52 ఏళ్ళు. పాపోష్ నగర్ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఆఖరీ ఆద్మీ అనే ఇమ్రాన్ నవల అసంపూర్తిగా మిగిలినది.

హైదరాబాదు పాతబస్తీలోను, తెలంగాణ జిల్లా పట్టణాలలోను అణా, రెండణాల అద్దెకు పుస్తకాలిచ్చే ఉర్దూ దుకాణాలు ఒకప్పుడు ఈ నవలల మీదనే బ్రతికాయి. ఆ రోజులలోనే తెలుగు అద్దె దుకాణాలలో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, టెంపోరావు నవలలు, తరువాత మధుబాబు షాడో చేతులు మారేవి. ఉర్దూ చదివిన పరిశోధకులెవరైనా ఈ రెండు అరలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలసిన అవసరమున్నది. మన పట్టభద్ర విద్యార్థులలో ఎవరైనా పూనుకొంటే సంతోషిస్తాము.

ఉర్దూ లిపి రానివారు నిరాశ చెందనక్కరలేదు. ఖౌఫ్‌నాక్ ఇమారత్ 2010లో ఆంగ్లంలోనికి వచ్చినది. 2011లో చెన్నైలోని ఒక ప్రచురణ సంస్థ డాక్టర్ డ్రెడ్ కథలు నాలుగింటిని వెలువరించినది. వాటిని అనువదించినవారు ఉర్దూ విమర్శకులలో అగ్రగణ్యులైన శంసుర్ రహమాన్ ఫారూఖీ. ఆయనది కూడ అలహాబాదే. సాహిత్య చరిత్రలలో చోటు ఇవ్వని పండితవర్గం నుండి అంతటి పెద్ద, డెబ్బది దాటిన వయస్సులో, ఈ నవలలను తన చేతితో అనువదించుటకు కూర్చున్నారు.